కొన్నాక ఆ బ్యాగు ఎవరిది?

లగ్జరీ బ్రాండ్ల మీద ఎవరైనా ఏదైనా అంటే వెంటనే ఒక వాదన ఎదురొస్తుంది, ఖరీదైనది ఒకటి కొంటే ఇరవై ఏళ్లు వస్తుంది, చవకవి ఇరవై కొని పారేసేకన్నా అదే నయం కదా, కాబట్టి సస్టైనబిలిటీ అంటే అసలు లగ్జరీయే అని. వినడానికి బానే ఉంటుంది, సగం నిజం కూడా. బాగా కుట్టిన తోలు బ్యాగో మంచి ఉన్ని కోటో నిజంగానే ఒక తరం దాటి ఇంకో తరానికి వస్తాయి, తల్లి వాడింది కూతురు వాడుతుంది, ఆ తర్వాత ఇంకెవరో కొనుక్కుంటారు. అందులో నాకు పేచీ ఏం లేదు. ఆ వాదన బ్రాండు నోటి నుంచి వచ్చినప్పుడే నాకు కాస్త తేడాగా అనిపిస్తుంది. వస్తువు ఎక్కువ కాలం మన్నడం ఒకటి, అది అలా మన్ని చేతులు మారుతూ తిరగాలని తయారుచేసినవాడు కోరుకోవడం ఇంకొకటి, ఈ రెండోది ఉందని నాకు నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్తా.

2018లో బ్రిటిష్ లగ్జరీ బ్రాండు బర్బెరీ వార్షిక నివేదికలో ఒక అంకె కనపడింది. ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల సరుకు, బట్టలు, బ్యాగులు, పెర్ఫ్యూమ్‌లు అన్నీ కలిపి, తామే నాశనం చేశామని వాళ్లే రాసుకున్నారు. ఐదేళ్లవి కలిపితే 9 కోట్ల పౌండ్లు దాటింది. (ఆ ఏడాది లెక్కలో సుమారు కోటి పౌండ్లది పెర్ఫ్యూమే, ఆ వ్యాపారం కోటీ అనే కంపెనీకి అప్పగించడం వల్ల మిగిలిపోయిన పాత స్టాకు.) కాల్చినప్పుడు వచ్చే శక్తిని పట్టుకుని వాడుకునే చోటే కాల్చాం, కాబట్టి పర్యావరణానికి అనుకూలంగానే చేశాం అని సంజాయిషీ కూడా ఇచ్చారు. జనం ఊరుకుంటారా, దుమ్మెత్తిపోశారు. సెప్టెంబరు కల్లా ఇక కాల్చం, ఫర్ కూడా వాడం అని ప్రకటన వచ్చేసింది.

అప్పుడు తిట్టినవాళ్లంతా దాన్ని పొగరు అనో నిర్లక్ష్యం అనో అన్నారు. నాకైతే అందులో నిర్లక్ష్యం ఏం కనపడలేదు, చాలా జాగ్రత్తగా వేసిన లెక్కే కనపడింది. వెయ్యి పౌండ్ల కోటు అమ్ముడుపోలేదు అనుకోండి, దాన్ని మూడొందలకి ఇస్తే కొనేవాళ్లు వందమంది ఉంటారు, కానీ అది ఒకసారి మూడొందలకి దొరికిందని తెలిసిపోయాక వచ్చే సీజన్‌లో వెయ్యి పెట్టేది ఎవరు? కోటు కాలిపోతే పోయేది దాని తయారీ ఖర్చు, అదే కోటు డిస్కౌంట్‌లో బయట తిరిగితే మిగతా అన్ని కోట్ల ధరకీ ఎసరు. అదే టైంలో కార్టియే ఓనరు రిష్‌మాంట్ కూడా రెండేళ్లలో దాదాపు 50 కోట్ల యూరోల వాచీల్ని షాపుల దగ్గర్నుంచి తానే వెనక్కి కొనేసి, కొన్నింటిని విప్పి భాగాలు తీసుకుని మిగతావి నాశనం చేయించింది, అవి డిస్కౌంట్ మార్కెట్లోకి జారిపోకూడదని. సమయం చూపించే పనిలో ఆ వాచీలకి ఏ లోపం లేదు, తక్కువ రేటుకి దొరికే ప్రమాదం ఉంది, అంతే వాటి నేరం.

2021లో బ్యాగులమ్మే అమెరికా బ్రాండు కోచ్ సంగతి ఇంకా విచిత్రం. షాపుకి వాపసు వచ్చిన బ్యాగుల్ని ఎవరూ వాడకుండా కత్తితో కోసి పారేస్తున్నారని ఒక వీడియో తిరిగింది, అదే బ్రాండు మరోపక్క మీ బ్యాగు తెచ్చివ్వండి రిపేరు చేసిపెడతాం అని చెప్పుకుంటోంది. దెబ్బతిని వాపసు వచ్చిన సరుకుని ఇకమీదట షాపుల్లో నాశనం చెయ్యం అని కోచ్ ప్రకటించాల్సి వచ్చింది.

ఈ కాల్చడాలకీ కొయ్యడాలకీ గట్టి అడ్డుకట్ట వేసింది మాత్రం బ్రాండ్ల మనస్సాక్షి కాదు, చట్టం. ఫ్రాన్స్ 2020లో చట్టం చేసింది, 2022 జనవరి నుంచి అమ్ముడుపోని బట్టలూ చెప్పులూ లాంటివి నాశనం చెయ్యకూడదు. ఆ దారిలోనే యూరోపియన్ యూనియన్ 2024లో ఎకోడిజైన్ నియమాలు తెచ్చింది, పెద్ద కంపెనీలకి 2026 జులై 19 నుంచి, మధ్యస్థాయి వాటికి 2030 నుంచి నిషేధం, కొన్ని మినహాయింపులతో. మంచిదే. కాకపోతే ఒకటి గమనించండి, నాశనం చెయ్యొద్దు అంది కానీ ఎక్కువ తయారు చెయ్యొద్దు అని ఎవరూ అనలేదు. మిగిలిన సరుకు ఉద్యోగులకి పరదాల వెనక జరిగే సేల్‌కి పోతుందో, దానానికి పోతుందో, గోడౌన్‌లో ఇంకో మూడేళ్లు మగ్గుతుందో, ఏదో ఒకటి అవుతుంది, తయారీ మాత్రం ఎప్పట్లాగే నడుస్తుంది.

వస్తువు చెత్తకి పోకుండా మళ్లీ మళ్లీ వాడకంలోకి రావడాన్ని సర్క్యులర్ ఎకానమీ అని అందరూ ఒక గుండ్రటి బాణం బొమ్మ వేస్తారు కానీ అందులో ఉన్నది ఒక చుట్టు కాదు, ఒకదాని లోపల ఒకటి చాలా చుట్లు. అన్నిటికన్నా లోపలి చుట్టు ఉన్న వస్తువునే వాడటం, దాని బయట రిపేరు, ఆ తర్వాత ఇంకొకరికి అమ్మడం, ఆ తర్వాత విప్పి వేరే వస్తువుగా మార్చడం, చిట్టచివరి గతి రీసైక్లింగ్, అంటే వస్తువుని మళ్లీ పీచుగానో రసాయనంగానో చేసెయ్యడం. లోపలికి వెళ్లేకొద్దీ ఆదా ఎక్కువ, ఎందుకంటే ఆ వస్తువు మీద పెట్టిన శ్రమ, నీళ్లు, కరెంటు, నైపుణ్యం అన్నీ అందులోనే నిలిచి ఉంటాయి. ఇప్పుడు బ్రాండ్ల ప్రకటనలు తీసి చూడండి, వరస తలకిందులుగా ఉంటుంది. రీసైకిల్డ్ కలెక్షన్‌కి ఫోటోషూట్లు, సినిమా తారలు, డాక్యుమెంటరీలు, రిపేరు గురించి వెబ్‌సైట్‌లో ఎక్కడో కింద ఒక పేజీ. దీనికి నాకు తోచిన కారణం ఒకటే, రీసైక్లింగ్ కొత్త అమ్మకానికి అడ్డం రాదు. పైగా కొత్తది కొనేవాడికి కాస్త హాయిగా కూడా అనిపిస్తుంది. రిపేరూ, సెకండ్‌హ్యాండూ అలా కాదు, అవి నేరుగా కొత్త బ్యాగుతోనే పోటీ పడతాయి.

రీసైక్లింగ్‌ని తీసిపారేస్తున్నా అనుకోకండి, అందులో నిజంగా మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. ప్రాడా 2019లో రీ-నైలాన్ అనే కలెక్షన్ మొదలెట్టింది, ఆక్వాఫిల్ అనే ఇటలీ కంపెనీ తయారుచేసే ఎకోనిల్ దారంతో. పాత చేపల వలలు, తివాచీలు, నైలాన్ వ్యర్థాలు తీసుకుని వాటిని రసాయనికంగా విడగొట్టి, నైలాన్ దేంతో మొదలవుతుందో ఆ కాప్రోలాక్టమ్ దాకా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ కొత్తగా దారం తీస్తారు. నాణ్యతలో కొత్త నైలాన్‌కి తీసిపోదు, ఎన్నిసార్లయినా చెయ్యొచ్చు అంటారు. నైలాన్‌తో పేరు తెచ్చుకున్న బ్రాండు తన కొత్త నైలాన్ మొత్తాన్నీ దీనికి మార్చుకోవడం చిన్న విషయం కాదు. కానీ అది కుదిరింది ఎందుకంటే ఈ నైలాన్ (నైలాన్-6 అంటారు) ఒకే రకం పదార్థం కాబట్టి. అదే బ్యాగుకి తోలు పట్టీ, ఇత్తడి జిప్పు, వేరే రకం లైనింగు, జిగురు అన్నీ చేరాక, దాని ఆయుష్షు తీరిన రోజున వీటన్నిటినీ విడదీసేది ఎవరు? వల బ్యాగు అయింది, బాగుంది, ఆ బ్యాగు మళ్లీ బ్యాగు అవుతుందా అన్నదే అసలు ప్రశ్న, దానికి ప్రకటనలో జవాబు ఉండదు.

మిగతా సరుకు సంగతి ఇంకా కష్టం. లూయీ విట్టాన్ మోనోగ్రామ్ బ్యాగు చూసి చాలామంది తోలు అనుకుంటారు, నిజానికి అది నూలు గుడ్డ మీద పీవీసీ పూత, అంచులకీ పట్టీలకీ మాత్రం తోలు. దశాబ్దాలు మన్నుతుంది, అందులో అనుమానం లేదు, ఆ మన్నికకి కారణమైన పూతే దాన్ని రీసైకిల్ కాకుండా చేసేది కూడా, గుడ్డనీ ప్లాస్టిక్‌నీ విడదీయడం మామూలు పని కాదు. తోలు సహజం కదా అంటారు, కానీ ప్రపంచంలో తయారయ్యే తోలులో చాలా భాగం క్రోమియంతో పదును చేసిందే, మట్టిలో వేస్తే చర్మంలా కుళ్లిపోయేది కాదు. బట్టల్లో ఉన్నికీ పట్టుకీ కాస్త ఎలాస్టేన్ అనే సాగే దారం కలుపుతారు, ఒంటికి బాగా పట్టడానికి, ఆ కాస్త చాలు రీసైక్లింగ్ యంత్రం దగ్గర మొరాయించడానికి. సర్క్యులర్ ఎకానమీ మీద పనిచేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో వేసిన లెక్క ప్రకారం బట్టల తయారీకి వాడిన పదార్థంలో తిరిగి బట్టగా మారేది 1 శాతం కన్నా తక్కువ. ఉన్ని ఒక్కటీ దీనికి కాస్త మినహాయింపు, ఇటలీలో ఫ్లోరెన్స్ పక్కనే ఉన్న ప్రాటో అనే ఊరు 19వ శతాబ్దం నుంచీ పాత ఉన్ని బట్టల్ని రంగుల వారీగా ఏరి, చీల్చి, మళ్లీ దారం తీసి బతుకుతోంది. చేత్తో పట్టుకుని ఇది ఎంత శాతం ఉన్నో చెప్పగలిగే పనివాళ్లు ఆ ఊరి ఆస్తి. సర్క్యులర్ అన్న ముక్క ఫ్యాషన్ కాకముందే అక్కడ అది కడుపు నింపే వృత్తి, దానికి ఎవరూ క్యాంపెయిన్ చెయ్యలేదు.

తుక్కు ముక్కల విషయంలో మాత్రం లగ్జరీ వాళ్లకి మార్కులు వెయ్యాల్సిందే. హెర్మెస్‌లో 2010లో పెటీ-ఆష్ అని ఒక వర్క్‌షాప్ పెట్టారు, బ్యాగులకీ స్కార్ఫులకీ కోసాక మిగిలిన తోలు, పట్టు, లోపం ఉన్న గాజు, పింగాణీ, అన్నీ అక్కడికి చేరతాయి, వాటిలోంచి ఏం పుడుతుందో ముందు ఎవరికీ తెలియదు, డిజైన్ చేశాక సరుకు వెతకడం కాదు, సరుకు చూశాక డిజైన్. లూయీ విట్టాన్, డియోర్‌ల ఓనరు ఎల్‌వీఎంహెచ్ 2021లో నోనా సోర్స్ పెట్టి తన బ్రాండ్ల దగ్గర మిగిలిన గుడ్డనీ తోలునీ చిన్న డిజైనర్లకి తక్కువ రేటుకి అమ్మడం మొదలెట్టింది. మంచి పనులే, అయితే ఇవన్నీ కొనేవాడి దాకా రాని సరుకు సంగతి. పుట్టగొడుగు వేళ్ల నుంచి తోలు చేస్తామని వచ్చిన మైలో గురించి పెద్ద హడావుడి నడిచింది, డిజైనర్ స్టెల్లా మెకార్ట్నీ దాంతో బ్యాగు కూడా తెచ్చింది, 2023లో పెట్టుబడి దొరక్క తయారీ ఆగిపోయింది. దాని గురించి అంతకన్నా చెప్పడానికి ఏం లేదు.

అసలు మజా రీసేల్ దగ్గర, అంటే వాడినదాన్ని మళ్లీ అమ్మడం దగ్గర, మొదలవుతుంది. ఇరవై ఏళ్లు మన్నుతుంది అని చెప్పి అమ్మిన వస్తువు చేతులు మారడం అంటే ఆ మాట నిజమని రుజువైనట్టే కదా, మరి బ్రాండు సంబరపడాలి. షనెల్ ఏం చేసిందంటే, 2018లో న్యూయార్క్‌లో ఒక వింటేజ్ షాపు మీదా, అదే ఏడాది ది రియల్‌రియల్ అనే రీసేల్ వెబ్‌సైట్ మీదా కేసులు వేసింది. ఆ వింటేజ్ షాపు కేసులో 2024 ఫిబ్రవరిలో జ్యూరీ షనెల్‌కి 40 లక్షల డాలర్లు ఇప్పించింది. ఇందులో షనెల్‌ది పూర్తిగా తప్పు అనను, నకిలీలు అమ్మారన్న ఆరోపణ ఉంది, ఆ షాపుకి తమతో సంబంధం ఉన్నట్టు జనం భ్రమపడుతున్నారన్న అభ్యంతరం ఉంది, రెండూ న్యాయమైనవే. కానీ ఇదే కాలంలో షనెల్ తన క్లాసిక్ ఫ్లాప్ బ్యాగు ధర దాదాపు రెట్టింపు చేసింది, ఆ పెంపుని సమర్థించుకోవడానికి పాత బ్యాగులకి మార్కెట్లో పలికే రేటు ఎంత ఉపయోగపడిందో ఆలోచించండి. పాతవాటి గిరాకీ కావాలి, పాతవి అమ్మేవాళ్లు మాత్రం వద్దు.

గుచ్చి ఓనరు కెరింగ్ ఇంకో దారి పట్టింది, 2021లో వెస్టియేర్ కలెక్టివ్ అనే రీసేల్ కంపెనీలో సుమారు 5 శాతం వాటా కొనేసింది. రోలెక్స్ 2022 డిసెంబర్‌లో తన పాత వాచీలకి తానే సర్టిఫికెట్ ఇచ్చి తన డీలర్ల దగ్గరే అమ్మించడం మొదలెట్టింది. ఎవరి దారి వాళ్లదే అయినా అందరి చూపూ ఒకదాని మీదే, చక్రం తిరగనీ, ఇరుసు మాత్రం మన చేతిలో ఉండాలి అని. ఇప్పుడు యూరప్‌లో రాబోయే డిజిటల్ ప్రోడక్ట్ పాస్‌పోర్ట్ కూడా, ఏ వస్తువు ఏ పదార్థంతో చేశారు, ఎలా రిపేరు చెయ్యాలి అని కొనేవాడికి చెప్పడానికి పుట్టింది, అదే పాస్‌పోర్ట్ బ్రాండు సొంత బ్లాక్‌చెయిన్‌లో, అంటే చెరపలేని డిజిటల్ ఖాతాలో, ఉంటే ప్రతి చేతి మార్పిడీ బ్రాండుకి తెలిసిపోతుంది. ఎల్‌వీఎంహెచ్, ప్రాడా, కార్టియే కలిసి 2021లోనే ఆరా అని ఒక కన్సార్షియం పెట్టుకున్నాయి దీనికోసం. నకిలీలు పట్టుకోవడానికి పనికొస్తుంది, ఎవరు ఎవరికి అమ్ముకోవాలో శాసించడానికీ పనికొస్తుంది, ఎటు వాడతారన్నది చూడాలి.

దక్షిణ కొరియాలో జరిగింది ఈ మొత్తం గొడవకి నిలువుటద్దం. అక్కడ పాత లగ్జరీ బ్యాగు ఇస్తే దాన్ని విప్పి చిన్న బ్యాగో పర్సో చేసిపెట్టే రిఫార్మ్ షాపులు ఉన్నాయి. బ్యాగు కస్టమరుది, డబ్బు పెట్టి కొన్నది, పెద్దది పాతబడింది, చిన్నది చేసివ్వమంది. సర్క్యులర్ ఎకానమీ పుస్తకాల్లో సరిగ్గా ఇదే రాసి ఉంటుంది. లూయీ విట్టాన్ అలాంటి ఒక రిఫార్మర్ మీద ట్రేడ్‌మార్క్ కేసు వేసింది, 2023లో సియోల్ కోర్టు ఆ పనిమంతుణ్ణి 1.5 కోట్ల వోన్లు కట్టమంది, తర్వాత కేసు పైకోర్టులకెక్కింది. లోగో కనపడేలా కొత్త ఆకారం చేస్తే అది మా పేరుతో తయారైన కొత్త వస్తువు అవుతుంది అన్నది బ్రాండు వాదన. సరే, చట్టం ఎటు తేల్చినా నా ప్రశ్న చట్టం గురించి కాదు. తన సస్టైనబిలిటీ రిపోర్టులో అప్‌సైక్లింగ్ అని గొప్పగా రాసుకునే కంపెనీ, అదే పని ఊళ్లో ఒక మామూలు కుట్టుపనివాడు చేస్తే కోర్టుకి ఎందుకు ఈడుస్తుంది?

రిపేరులోనూ అంతే. హెర్మెస్ లాంటి చోట రిపేరు నిజంగా గౌరవంగా జరుగుతుంది, అది నేను ఒప్పుకుంటా, కొత్త బ్యాగు కుట్టే చేతులే పాతదాన్ని విప్పి మళ్లీ కుడతాయి. కానీ చాలా బ్రాండ్లలో బకిల్, తాళం, జిప్పు పుల్ లాంటి విడిభాగాలు బయట మెకానిక్‌కి, అదే, తోలుపని తెలిసినవాడికి, అమ్మరు, బయట ఎవరైనా చెయ్యి పెట్టారని తెలిస్తే మళ్లీ మేం ముట్టుకోం అంటారు. కాబట్టి బ్రాండు ఎప్పుడైతే ఈ మోడల్‌కి పార్టులు అయిపోయాయి అంటుందో ఆ రోజే బ్యాగు చచ్చినట్టు, తోలు ఇంకో ఇరవై ఏళ్లు ఉండగలిగినా సరే. విడిభాగాలు బయట అమ్మండి, కుట్టు వివరాలు ఇవ్వండి అని ఫోన్లకీ వాషింగ్ మెషీన్లకీ అడుగుతున్నాం కదా, వాటికన్నా పది రెట్లు ఖరీదైన వస్తువుకి అడగడానికి మనకెందుకో మొహమాటం.

అంత ఖరీదు దేనికి పోతోంది అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే మన్నిక వాదన మొత్తం దాని మీదే నిలబడి ఉంది. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్ బ్యాగులు చేయించే ఒక అనుబంధ సంస్థని కోర్టు పర్యవేక్షణ కిందకి తెచ్చింది. సబ్‌కాంట్రాక్టర్ల వర్క్‌షాపుల్లో పనివాళ్లు అక్కడే పడుకుంటూ అర్ధరాత్రుళ్లు కూడా పనిచేస్తున్నారనీ, యంత్రాలకి ఉండే సేఫ్టీ పరికరాలు తీసేశారనీ దర్యాప్తులో తేలింది. షాపులో 2,600 యూరోలకి అమ్మే ఒక బ్యాగుకి, తోలు లాంటి ముడిసరుకు కాకుండా, ఆ సరఫరాదారుకి ఇచ్చింది 53 యూరోలు. అంతకు రెండు నెలల ముందే అర్మానీ సంస్థది ఒకటి అదే కోర్టు ముందుకొచ్చింది. డియోర్ మీద పర్యవేక్షణ 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, నియంత్రణలు మెరుగుపరిచారని, అదీ చెప్పాలి. అర్మానీకి మాత్రం నైతికత, సామాజిక బాధ్యత అని చేసిన ప్రచారం తప్పుదోవ పట్టించేదిగా ఉందని ఇటలీ కాంపిటీషన్ అథారిటీ 2025 ఆగస్టులో 35 లక్షల యూరోల ఫైన్ వేసింది. మంచి పనితనానికి డబ్బు పెడుతున్నా అనుకున్నవాడు ఆ 53 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

ఇంత రాశాక ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, ఈ గుంపులో లెక్కలు తీసుకొచ్చింది కెరింగే. తన వల్ల ప్రకృతికి జరిగే నష్టానికి డబ్బు రూపంలో ఖాతా రాసే పద్ధతి 2011లో అప్పట్లో ఆ గ్రూపుదే అయిన ప్యూమా దగ్గర మొదలైంది, తర్వాత గ్రూపు మొత్తానికీ పాకింది. నష్టంలో పెద్ద భాగం షాపుల్లోనో ఆఫీసుల్లోనో కాదు, పశువులు మేసే చోట, పత్తి పండే చోట, తోలు పదును చేసే చోట జరుగుతోందని ఆ లెక్కల్లోనే బయటపడింది. 2023లో ఇంకో అడుగు వేసి, 2021తో పోలిస్తే 2035కల్లా మొత్తం ఉద్గారాలు 40 శాతం తగ్గిస్తాం అన్నారు. ఒక్కో వస్తువుకి ఇంత అని కాదు, మొత్తంగా. ఇది చాలా పెద్ద మాట, ఎందుకంటే ఒక్కో బ్యాగుకి కాలుష్యం సగానికి తగ్గించి బ్యాగులు మూడింతలు చేస్తే ఒరిగేదేం లేదు. తర్వాత 2024లో గుచ్చి అమ్మకాలు 23 శాతం పడిపోయాయి. తక్కువ అమ్మితే తక్కువ తయారవుతుంది, భూమికి కాస్త ఊపిరి, మరి ఆ గ్రూపులో ఎవరైనా దాన్ని పర్యావరణ విజయం అని పండగ చేసుకున్నారా? చేసుకోరు, ఏ వాటాదారూ ఊరుకోడు, నేను ఆ సీట్లో ఉన్నా చేసుకోను.

అందుకే నేను ఇప్పుడు ఏ బ్రాండు రిపోర్టు తెరిచినా రీసైకిల్డ్ శాతం వెతకను, ఏడాదికి ఎన్ని వస్తువులు తయారుచేశారు, ఎన్ని రిపేరు చేశారు, ఏ మోడల్‌కి ఎన్నేళ్లు పార్టులు ఇస్తామన్నారు, ఈ మూడే వెతుకుతా. మొదటిదే దొరకదు. ఫ్యాషన్ రెవల్యూషన్ సంస్థ 2023లో 250 పెద్ద బ్రాండ్లని చూస్తే 88 శాతం మంది ఏడాదికి ఎన్ని తయారుచేస్తున్నారో చెప్పలేదు. ఎన్ని చేశారో చెప్పకుండా ఎన్ని వెనక్కి తెచ్చారో చెప్తే ఆ శాతానికి అర్థం ఏముంటుంది, భాగహారంలో కింద అంకె లేకుండా పైది ఒక్కటే రాసినట్టు. అరుదు అని అమ్మే సరుకు ఎంత అరుదో చెప్తే ఆ అరుదుతనం పోతుందేమో అన్న భయం కూడా ఉండొచ్చు. కొత్త యూరోపియన్ నియమాల వల్ల పెద్ద కంపెనీలు అమ్ముడుపోక వదిలించుకున్న సరుకు ఎన్ని వస్తువులో, ఎంత బరువో, ఎందుకు వదిలించుకున్నారో ఏటా బయటపెట్టాల్సి ఉంటుంది. ఆ లెక్కలు వచ్చాక బర్బెరీది 2018లో ఒక్క కంపెనీ కథేనా, లేక తన రిపోర్టులో నిజం రాసినందుకు దొరికిపోయిన కంపెనీ కథా అన్నది తేలుతుంది, నా అనుమానం రెండోదే.